అరవై రెండు కార్లు తక్కువ

మొన్న ఆదివారం మా అమ్మాయిని స్నేహితురాలి ఇంటి దగ్గర దింపబోయి, వాళ్ల పెరటి కంచె అవతల ఒక పెద్ద సినిమా తెర వీపు కనబడితే కారు దిగాను. ఆ తెర దగ్గరికి ఎప్పుడూ హైవే వైపు నుంచే వెళ్లేవాణ్ని, ఈ వైపు రావడం ఇదే మొదలు. పోయినవన్నీ అక్కడే నిలబడి లెక్కపెట్టాను. రెండు తెరల్లో ఒకటి. నాలుగు వందల అరవై కార్లు ఆగే మైదానంలో రెండు వందల అరవై కార్ల మేర. రెండు కార్లకి ఒకటి చొప్పున పాతిన పాతకాలపు స్పీకరు స్తంభాలు నూట ముప్పై. యూకలిప్టస్ చెట్లు పదకొండు, పిల్లల ఉయ్యాలలు నాలుగు. వాటి చోట డెబ్బై నాలుగు ఇళ్లు లేచాయి, అన్నిటికీ ఒకే బూడిదరంగు పెంకు, పాతిక గుమ్మాలకి ప్లాస్టిక్ మామిడాకుల తోరణాలు. "డాడ్, ఆర్ యూ కౌంటింగ్ హౌసెస్ అగైన్?" అంది మా అమ్మాయి. అవునన్నాను. ఆ ఇళ్లన్నీ నా వల్ల వచ్చినవేనంటే నమ్మదు.

నేను సిడ్నీ వచ్చింది వంటల కోర్సు చదవడానికి. బ్లాక్‌టౌన్‌లో ఒక ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్లం. వారానికి మూడు సాయంత్రాలు ఈ డ్రైవ్‌ఇన్ క్యాంటీన్‌లో చిప్స్ వేయించేవాణ్ని. డ్రైవ్‌ఇన్ అంటే ఆరుబయట సినిమా హాలు; కారులో కూర్చుని, మాటలు కారు రేడియోలో వింటూ బొమ్మ చూడటం. అదొకప్పుడు క్యాబేజీ పొలమట. యజమానురాలి తండ్రి అందులో మొదటి తెర తన చేతులతో నిలబెట్టాడు. వీడియో షాపులు వచ్చి చుట్టుపక్కల డ్రైవ్‌ఇన్‌లు ఒక్కొక్కటే మూతపడుతుంటే, ఈవిడ ఆదివారాలు మైదానాన్ని పాత సామాన్ల సంతకి అద్దెకిచ్చి, తనే టికెట్లు చింపి, తనే మరుగుదొడ్లు కడిగి నిలబెట్టుకుంది. మొదటిరోజు అలవాటుకొద్దీ ఆంటీ అన్నాను. "నేనెవరికీ ఆంటీని కాదు, లవ్" అంది; ఇక్కడి పెద్దవాళ్లు ఎవర్నైనా లవ్ అనే పిలుస్తారు. నెల తిరక్కుండా ఆంటీ అంటే పలకడం మొదలుపెట్టింది.

ఆ చలికాలం ఆవిడ తమ్ముడు పొలం అమ్మేద్దామని పట్టుబట్టాడు. స్థలం ఇద్దరిదీ. ఇళ్లు కట్టే కంపెనీ కాగితాలు సిద్ధం చేసింది. చివరికి ఒక మాట మీద ఆగాడు: ఒక్క శనివారం, ఒక్క ఆటకి నూట ఇరవై కార్లు వస్తే అమ్మకం మానుకుంటాడు, గేటు దగ్గర నిలబడి తనే లెక్కపెడతాడు. అప్పట్లో మాకు వారాంతాల్లో కూడా ముప్పై దాటేవి కావు. ఆంటీ చిప్స్ బుట్ట వంక చూస్తూ ఈ సంగతి చెప్పింది. తెలుగు సినిమా వేయండి, నూట ఇరవై నేను తెస్తాను అన్నాను.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. లెక్కలు నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. తెనాలిలో మా బాబాయి నడిపిన సినిమా హాలు సైకిల్ స్టాండులో నేర్చుకున్నాను. స్టాండులో సైకిళ్లు చూసి హాల్లో జనమెంతో చెప్పేవాణ్ని, పదికి మించి తేడా వచ్చేది కాదు. ఇప్పుడు దాన్నే తిరగేశాను. చర్చి వాళ్లకీ, యూనివర్సిటీ కుర్రాళ్లకీ, కొత్తగా వచ్చిన కంప్యూటర్ ఉద్యోగులకీ ఫోన్లు చేస్తే నాలుగు వందల ముప్పై రెండు మంది వస్తామన్నారు. కారుకి ముగ్గురున్నర వేసుకుంటే నూట ఇరవై మూడు. జలుబు చేసి ఆగిపోయేవాళ్లకి మూడు తీసేశాను. అందరినీ ఊరించడానికి ప్రతి ఫోన్‌లోనూ ఒక మాట తప్పకుండా చెప్పాను: టికెట్ కారుకే, మనిషికి కాదు.

జూన్‌లో ఐదింటికే చీకటి పడుతుంది. ఆట ఆరింటికి. గేటుకి ఒక పక్క నేను, ఇంకో పక్క ఆంటీ తమ్ముడు, ఇద్దరి చేతుల్లోనూ నొక్కితే అంకె మారే చిన్న మిషన్లు. ఐదుంబావుకి తొమ్మిది. ఐదున్నరకి ఇరవై ఆరు. అంత చలిలోనూ నాకు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఒక పాత కారు నేలకి ఆనుకుంటున్నంత బరువుగా వచ్చి ఆగింది. వెనక సీట్లో, ఒళ్లో పిల్లల మధ్య నుంచి ఒకావిడ తల బయటపెట్టి, "బాబూ, కారుకే టికెట్ అన్నావు కదా? డిక్కీలో మా మరుదులిద్దరు ఉన్నారు, పర్లేదా?" అంది. దాని వెనకే చర్చి బస్సు, అందులో ఇరవై నాలుగు మంది. తమ్ముడు దాన్ని ఒకటిగా నొక్కాడు. నేనూ ఒకటే నొక్కాను.

ఆరింటికి ఐదు నిమిషాలుందనగా మా గదిలో ఉండే గుంటూరు అన్న తొమ్మిదిమందితో దిగాడు. మిగతా కార్లేవి అన్నా అని అడిగాను. "షాపింగ్ సెంటర్ కార్ పార్క్‌లో పెట్టించా తమ్ముడూ! అక్కడే నిలబడి అందర్నీ కుక్కి పంపించా. మనోళ్లకి ఎంత సేవ్ చేశానో తెలుసా?" అన్నాడు భుజం తడుతూ. అతని తప్పేమీ లేదు. రమ్మన్నాను గానీ, ఎందుకు రమ్మంటున్నానో ఎవరికీ చెప్పలేదు. కారుకే టికెట్ అని వింటే తెలుగువాడు ఏం చేస్తాడో, తెలుగువాణ్నయిన నేనే లెక్కలోకి తీసుకోలేదు.

నా మిషన్ యాభై ఎనిమిది దగ్గర ఆగింది. తమ్ముడిదీ అంతే. తర్వాత లోపల తిరిగి తలలు లెక్కపెట్టాను: నాలుగు వందల యాభై ఒకటి. మనుషుల లెక్క తప్పలేదు, పందొమ్మిది మంది ఎక్కువే వచ్చారు. అన్ని తలలూ కార్లలో పట్టవు గనక తలుపులు తీసి రేడియోలు పెంచి, కార్ల ముందు దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. పులిహోర డబ్బాలు తెరిచారు. హీరో కనబడగానే ఈలలు. క్యాంటీన్‌లో నేను వేయించిన చిప్స్ చల్లారిపోతున్నాయి. తమ్ముడు వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. చర్చి ఆంటీ ఒకావిడ అతని చేతిలో కాగితం ప్లేటు పెట్టి, "ఈట్, ఈట్, యూ స్టాండింగ్ సో లాంగ్, పాపం" అంది. నిలబడే తిన్నాడు. ఇంటర్వెల్‌లో క్యాంటీన్‌కి వచ్చి అక్కతో మెల్లిగా అన్నాడు: "ఈ గడ్డి మీద ఇంతమందిని నాన్న ఉన్నప్పుడు చూశాను." "మాట మాటే. సగం కార్లొచ్చాయి, సగం పొలం ఉంచుకో" అన్నాడు.

సగం అన్నాడు గానీ కొలిచేటప్పటికి అమ్మింది కాస్త ఎక్కువే. ఆటయ్యాక రేడియోలు మోగి మోగి పదకొండు కార్లు స్టార్ట్ కాలేదు. ఆంటీ తన ట్రక్కు తెచ్చి ఒక్కో బ్యాటరీకీ కేబుళ్లు తగిలిస్తుంటే, నేను టార్చి పట్టుకుని వెంట తిరుగుతూ సారీ చెబుతూనే ఉన్నాను. పదకొండోది స్టార్టయ్యాక చేతులు తుడుచుకుని, "నువ్వు నాకు అరవై రెండు కార్లు బాకీ, లవ్" అంది. నవ్వుతూనే అంది. నేను మాత్రం రాసుకున్నాను.

అప్పటి నుంచీ తీరుస్తున్నాను. ఊరికే వచ్చే కారు లెక్కలోకి రాదు. ఒక కారులో సరిపోయేవాళ్లం రెండింటిలో వెళ్తే, ఆ రెండోది జమ. నేనూ మా ఆవిడా చెరో కారులో వెళ్లి పక్కపక్కన ఆపి, అద్దాలు దించి పాప్‌కార్న్ అందించుకుంటాం. గేటులో ఆంటీ అంకె చెప్పమంటుంది, చెప్తాను. మొన్నటికి నలభై ఒకటి. ఒకేసారి పాతికమంది స్నేహితుల్ని పిలిచి తీర్చేయరాదా అంటుంది మా ఆవిడ. తీరిపోతే ఆంటీ గేటు దగ్గర అడగడానికి ఏం మిగులుతుందని నా భయం. తొందరపడితే ఆ భయం, ఆలస్యమైతే ఇంకోటి: ఆవిడకి ఎనభై మూడేళ్లు, నేను ఏడాదికి మూడు కార్లు మించి తేలేకపోతున్నాను, ఆ లెక్కన కాలం నాకింకా ఏడేళ్లు అరువివ్వాలి. ఈరోజుకి బాకీ ఇరవై ఒక్క కార్లు.