నెలాఖరు ఒక్కపొద్దులు

మొన్న పురసవాక్కంలో ఒక పెళ్లి విందులో నా పక్క ఆకు ముందు కూర్చున్నావిడ, తమ ఇంట్లో రాత్రిళ్లు అన్నం మాటే ఎత్తరనీ, పుల్కాలు తప్ప ముట్టరనీ పదిమందికీ వినబడేలా చెప్పుకుంది. ఎవరేమన్నా బదులు చెప్పకుండా వదిలే నోరు కాదు నాది, కాలేజీలోనూ ఆ పేరే తెచ్చుకున్నాను. అలాంటిదాన్ని మొన్న మాత్రం తల వంచుకుని ఆకులోకి చూస్తూ ఉండిపోయాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, యాభైల్లో మన మద్రాసులో గోధుమ రొట్టె అంటే జబ్బుమనిషి తిండి, కాదంటే ఒక్కపొద్దున్నవాళ్ల పలారం. బియ్యం లేక రొట్టె తింటున్నారని తెలిస్తే ఆ ఇంటి పరువు వీధిన పడ్డట్టే. మేం తొండియార్‌పేటలో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. మా నాన్న హార్బరు దగ్గర ఒక పిండిమిల్లులో గోధుమలు పరీక్షించే గదిలో పని చేసేవారు. ఉత్తరాదిన ఒక రకాన్ని ఇంకో రకంతో కలిపి పుట్టించిన కొత్త గింజలు, ఇంకా పేరైనా పెట్టనివి, గుడ్డ సంచుల్లో ఆ గదికి వచ్చేవి. పిండి ఎన్ని నీళ్లు తాగుతుందో, ముద్ద ఎంత సాగుతుందో అక్కడే తేల్చేవారు గాని, రొట్టె సంగతి కాలిస్తేనే కదా తెలిసేది, అందుకని మిల్లువాళ్లే ఆ పిండిని మా అమ్మ పెనం మీదికి పంపేవారు. బేకరీ రొట్టెకు భేషైన పిండి మా పెనం మీద చెప్పు తోలులా బిగుసుకునేది, ఎప్పుడో ఒక రకం మాత్రం బుడగలా పొంగి తెల్లారినా మెత్తగానే ఉండేది. పొంగిందా, మడిస్తే విరిగిందా అని నాన్న ఉత్సాహంగా అడగడం, గోడ అవతల, మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటామె వింటుందని అమ్మ కళ్లతోనే వారించడం, రోజూ ఇదే తంతు.

నెలాఖరుకు బియ్యం డబ్బా అడుగంటేది, పిండికి మాత్రం లోటుండేది కాదు. అందుకే మా అమ్మ ఒక్కపొద్దులన్నీ నెలాఖరునే వచ్చిపడేవి, సోమవారమైతే శివుడికి, శనివారమైతే వెంకటేశ్వరుడికి, మధ్య రోజులకు ఏ దేవుడు దొరికితే ఆ దేవుడికి. కపటమెరగని ఇంటామె ఆ భక్తికి మురిసిపోయి, ఏ శుభకార్యమైనా ముందు అమ్మ చేతనే బొట్టు పెట్టించుకునేది.

ఆమె కూతురి సీమంతం అలాంటి ఒక నెలాఖరు శనివారమే వచ్చింది. గాజులు తొడిగి, దీపాలవేళకు ఆకులు వేశారు.

“నీ నేమం నేను చెడగొడతానా చెల్లీ? సౌకార్‌పేట సేటమ్మని అడిగి నేర్చుకోని, నీకని యేరే పలారం చేసినా. రా, ఈడ కూచో” అంటూ ఇంటామె అమ్మను చెయ్యి పట్టుకుని పెద్దల వరసలో కూర్చోబెట్టింది.

అందరి ఆకుల్లో పులిహోర, వేడన్నం, సాంబారు. అమ్మ ఆకులో రెండు రొట్టెలు. అలవాటు కొద్దీ ఒకదాన్ని వేలితో మడిచి చూసింది. విరిగింది. చాలా మెత్తగా వచ్చాయని ఇంటామెతో చెప్పింది.

ఎదుటి వరసలో కూర్చుని నేను తింటున్నాను. అన్నం వేసిందల్లా తిని మళ్లీ ఆకు చూపిస్తున్నాను.

“ఏందే అమ్మీ, అన్నం ఈడనే చూస్తా ఉండావా? మీయమ్మ నీచేత గూడా ఒక్కపొద్దులు పట్టిస్తా ఉందా ఏంది?” అని ఇంటామె పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె అమ్మ వైపు తిరిగింది, అమ్మ ముఖం చూసింది, చేతిలో గరిటె అలాగే నిలిచిపోయింది. నా ఆకులో కుప్పగా అన్నం పెట్టి పక్క ఆకుకు వెళ్లిపోయింది. అమ్మ తల ఎత్తకుండా ఆ విరిగిన రొట్టె నమిలింది.

ఆ తర్వాత ఇంటామె, ఇవాళ ఏ దేవుడి ఒక్కపొద్దని అమ్మను ఎన్నడూ అడగలేదు. అడిగినా బాగుండేది, ఏదో ఒక దేవుడి పేరు చెప్పి బయటపడేవాళ్లం.

ఇప్పుడు ఏ కొట్లో పిండి కొన్నా పుల్కా మెత్తగానే వస్తోంది, ఆనాటి పేరులేని గింజల సంతతేనేమో. మా అమ్మ దేవుళ్ల చాటున దాచుకున్న మాటను ఇప్పుడు పట్టుచీర కట్టుకుని పదిమందిలో చెప్పుకుంటున్నారు. మొన్నటి విందులో పక్కావిడ మాటలు ఇంకా సాగుతుండగానే వడ్డించేవాళ్లు మళ్లీ అన్నం తెచ్చారు. ఆకలి తీరలేదు. అయినా ఆకుకు చెయ్యి అడ్డం పెట్టాను. ఆ సీమంతం నాటి నుంచీ పరాయి ఇంట నేను మారు వడ్డించుకుని ఎరగను.