నాలుగో చక్రం మోత

బ్రెడ్డు కాలిందో లేదో కంటితో చూసి చెప్పడం మీద బేకరీ అక్కకు నమ్మకం లేదు. పొయ్యిలోంచి తీసిన ప్రతి బ్రెడ్డునూ తిరగేసి, అడుగున వేలి కణుపుతో కొట్టి వింటుంది. బోలుగా మోగితే కాలినట్టు, ముద్దగా పలికితే లోపల ఇంకా పచ్చి. ఇది బేకరీవాళ్ళందరికీ తెలిసిన పద్ధతే. కాకపోతే అక్క వరసలో నాలుగో బ్రెడ్డును రెండోసారి కూడా కొడుతుంది. ఒక్కోరోజు మూడోసారి కూడా.

“కుండ బేరమాడుతున్నావా అక్కా?” అని కౌంటరు అవతలివాళ్ళు నవ్వుతారు.

“నీ బుర్రకన్నా బాగా మోగుతుందా లేదా అని చూస్తున్నా,” అంటుంది ఆవిడ. మాటకు మాట అప్పజెప్పడంలో ఎవరికీ తీసిపోదు. నాలుగోదాని సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే భర్త చనిపోయిన రోజు నుంచీ మొదలుపెట్టాలి.

ఆయన కూడా పిండి పిసికినవాడే. ఇద్దరూ కలిసి నిలబెట్టిన బేకరీ అది. పెళ్ళినాటికి ఆయన దగ్గర ఆస్తి అనదగ్గది ఒక్కటే, తనకన్నా వయసులో పెద్దదైన ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు. పైన కప్పు లేదు, రెండే సీట్లు, ఎవరి కోళ్ళషెడ్డులోనో రెట్టల కింద కూరుకుపోయి దొరికింది. “నాకన్నా ముందే వచ్చిన సవతి” అనేది అక్క దాన్ని. సవతికి నూనె కారుతోంది, సవతికి ఇవాళ దగ్గొస్తోంది. అలా వెక్కిరిస్తూనే దాని సీట్లు తనే కుట్టింది, దాని కార్బురేటర్ చప్పుడు ఆయనకన్నా బాగా పట్టేది.

అలాంటి పిచ్చివాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్ళందరికీ పెద్ద ఒక పళ్ళ డాక్టరు. పసుపుపచ్చ కారు, పొద్దస్తమానం ఫిర్యాదులు. ఆరు రోజులు బండిని బాగుచేసుకోవడం, ఏడో రోజు దాన్ని మళ్ళీ పాడుచేసుకోవడానికి తీసుకెళ్ళడం, ఇదీ వాళ్ళ వ్యవహారం. విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే ఊరి బయట ఉంది. దాని మీద పాత టైర్లు పేర్చి మలుపులు కట్టుకుని, ఒకరి వెనక ఒకరు బండి వదిలేవారు. ఆయన తమ్ముడు, అంటే అక్క మరిది, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. సొంతానికి కారు లేదు, కానీ అతని చేతుల్లోకి రాని కారు ఆ గుంపులో లేదు.

ఆ కార్ల చక్రాలకు నాలుగేసి బోల్టులుండవు. మధ్యలో రెండు చెవులున్న ఒకే ఒక పెద్ద నట్టు ఉంటుంది. దాన్ని రాగి సుత్తితో కొట్టి బిగించాలి, ఇనప సుత్తి అయితే చెవులు నలిగిపోతాయి. ఎడమవైపు చక్రాలకు మామూలు మర, కుడివైపు వాటికి ఎదురు మర. అందువల్ల ఏ పక్క నిలబడ్డా పై చెవిని కారు తోక వైపు కొడితే నట్టు బిగుస్తుంది, బండి పరిగెత్తే కొద్దీ ఇంకా బిగుస్తుంది. ఎంత మతిమరుపు మనిషైనా తప్పు చేయలేని ఏర్పాటు అనుకునేవారు అందరూ.

దీని మీద ఆ గుంపుకొక ఆచారం ఉండేది. ట్రాక్ మీదికి వెళ్ళే ముందు ఆఖరి దెబ్బ బండి యజమాని కొట్టకూడదు, వేరేవాళ్ళు కొట్టాలి. “మన బండి మీద మనకు ప్రేమ ఎక్కువ, ప్రేమకు చెవుడు” అనేవాడు ఆయన. అందరి చక్రాలూ ఆయన కొట్టేవాడు. ఆయన చక్రాలు అక్క కొట్టేది. చక్రానికొక్క దెబ్బ, తోక వైపు. బిగిసిన నట్టు ఖంగుమని మోగుతుంది. వదులుగా ఉన్నది దబ్బుమంటుంది.

ఆ రోజు కూడా అక్కే కొట్టింది. ముందువి రెండూ మోగాయి, వెనక కుడిది మోగింది. వెనక ఎడమ చక్రం దగ్గర వంగేసరికి పక్కనే పళ్ళ డాక్టరు తన పసుపు కారు ఇంజను లేపాడు. ఆ హోరులో ఏం వినబడుతుంది? ఆయన సీట్లో కూర్చుని, అద్దం సరిచేసుకుని, చెయ్యూపి వెళ్ళిపోయాడు. మూడో మలుపు దగ్గర వెనక ఎడమ చక్రం బండిని వదిలేసి తన దారిన గడ్డిలోకి దొర్లింది. కారు ఇరుసు మీద కుంగి, టైర్ల గోడ ఎక్కి తిరగబడింది. అక్క పరిగెత్తుకెళ్ళేసరికి దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. ఆయనలో ఊపిరి లేదు.

చక్రం సరిగా బిగించలేదని అందరూ అన్నారు. ఎవరు బిగించలేదని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటేనే బాగుండేది. అప్పటినుంచీ పదకొండేళ్ళుగా అక్క తనను తానే అడుగుతోంది. నాలుగో చక్రాన్ని కొట్టానా? కొట్టడం మర్చిపోయి, కొట్టాననుకుని లేచానా? వంగడం గుర్తుంది, చేతిలో సుత్తి బరువు గుర్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు, చెవి నిండా డాక్టరు ఇంజనే. స్నానం చేస్తున్నా, చిల్లర ఇస్తున్నా, ఎక్కడో ఖంగు, ఖంగు, ఖంగుమని మూడు మోతలు వినబడేవి. నాలుగోదాని కోసం ఊపిరి బిగబట్టేది. అది వచ్చేది కాదు.

మరిది ఆ కారును తన షెడ్డుకు తీసుకెళ్ళి గుడ్డ కప్పేశాడు. వంకరపోయినవన్నీ సరిచేశాడు గాని ఎవరినీ దాని మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. పొద్దున్నే షటరు ఎత్తకముందే బేకరీకి వచ్చేవాడు. మైదా బస్తాలు దించి, పొయ్యి వెలిగించి, వదిన ఇచ్చిన టీ తాగి అప్పుడు తన పనికి వెళ్ళేవాడు. అక్క నాలుగో బ్రెడ్డును రెండోసారి కొట్టడం చూసినప్పుడల్లా నెమ్మదిగా ఒకే మాట అనేవాడు.

“నీ తప్పేం లేదు వదినా.”

కడుపులో పెట్టుకుని చూసే మనిషి ఓదార్పు కోసం అంటున్నాడనుకునేది అక్క. ఆ మాట ఆమెకు పనిచేసేది కాదు, కానీ అనే మనిషి ఉన్నాడు కదా అని ఉండేది.

ఈ ఏడు రన్‌వే అమ్ముడుపోయింది, అక్కడ గోదాములు కడతారట. పళ్ళ డాక్టరు బేకరీకి వచ్చి, కొనని బన్నును వేళ్ళతో నలుపుతూ నిలబడ్డాడు.

“ఆఖరి ఆదివారం అందరం వెళ్తున్నాం అక్కా. ఆకుపచ్చది కూడా వస్తే...”

“ఆ బన్నుకు డబ్బులిచ్చి నలుపు,” అంది అక్క. వెంటనే, “వస్తుంది,” అని కూడా అంది. ఎందుకందో తనకే తెలియదు. ఆ మలుపును పలుగులతో పెకలించేలోపు ఒక్కసారి దాటకపోతే, చచ్చేదాకా అక్కడే ఉండిపోతానని భయం వేసింది.

మరిది వింటూనే ఒంటికాలి మీద లేచాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. బ్రేకులు ఎండిపోయాయన్నాడు, టైర్లు పగిలిపోయాయన్నాడు. డాక్టరు కొత్త టైర్లు తెప్పించి షెడ్డులో పెట్టించేసరికి, “సరే, చక్రాలు నేను ఎక్కిస్తా. నువ్వు ముట్టుకోకు,” అన్నాడు. అని వారమైనా ఎక్కించలేదు.

ఒక మధ్యాహ్నం ఎవరో లిఫ్టులో ఇరుక్కుపోయారని అతను వెళ్ళగానే, అక్క షెడ్డు తెరిచింది. గుడ్డ తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది. గేరు కర్ర బుడిపె ఆయన అరచేతికి అరిగిన చోటే ఆమె చెయ్యి పడింది. అద్దంలోకి చూస్తే షెడ్డు కప్పు కనబడింది. అది ఆయన కళ్ళ ఎత్తుకు పెట్టుకున్న అద్దం, బోర్లా పడినా కదల్లేదు. తనకు అందేలా తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరిదో ముఖం చూస్తుండగానే పక్కకు తిప్పేసినట్టు అనిపించింది.

కిందికి దిగి చక్రాలు ఎక్కించడం మొదలుపెట్టింది. మూడూ కూర్చున్నాయి. వెనక ఎడమదానికి నట్టు పట్టడం లేదు. ఎడమవైపు కదా, డబ్బా మూత బిగించినట్టు తిప్పింది. జారిపోయింది. మర చెడిందేమోనని తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. విసుగొచ్చి ఎటోకటు తిప్పేసరికి, మూత తీసే వైపుకు చక్కగా ఎక్కింది.

ఎదురు మర. కుడివైపుకు వేయాల్సిన హబ్బును, అంటే చక్రం కూర్చునే మరల దిమ్మను, దాని నట్టుతో సహా ఎడమవైపు వేశారు.

అక్కకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. నిర్ధారణ కోసం రాగి సుత్తి తీసుకుని నట్టును ముందు వైపు కొట్టి బిగించింది, ఖంగుమంది. తర్వాత ఎప్పటిలాగే పై చెవిని తోక వైపు ఒక్కటి కొట్టింది. దబ్బుమంది. నట్టు వదులైంది.

కొట్టాను, అనుకుంది మొదట. మర్చిపోలేదు, కొట్టాను! ఇన్నేళ్ళ బరువు ఒక్కసారి దిగి, నేల మీదే కూర్చుండిపోయింది. ఆ సంతోషం అరనిమిషం కూడా నిలవలేదు. కొట్టడం వల్లే ఊడింది. మర్చిపోయి ఉంటే నట్టు ఆ మూడు మలుపులైనా ఓర్చుకునేదేమో. చెప్పిన పని చెప్పినట్టు చేసిన దెబ్బ అది.

పాత హబ్బు అరిగిందని, ఆయన పోవడానికి ముందు రోజు సాయంత్రం మార్చింది ఎవరో ఆమెకు తెలుసు. ఆ చేతికి తనే టీ అందించింది.

మరిది వచ్చేసరికి ఆమె ఇంకా నేల మీదే ఉంది. అతను ఆమెనూ, సుత్తినీ, చక్రాన్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎప్పుడు తెలిసింది నీకు?” అంది.

“అన్న పోయిన సాయంత్రమే. బండి ఇక్కడికి తెచ్చి నట్టు పెట్టి చూశాను.” అతను చక్రం వైపే చూస్తున్నాడు. “సామాన్ల గుట్టలోంచి చేతికందింది వేసేశాను వదినా. ఎటు బిగించాలో చూపే బాణం గుర్తు అరిగిపోయి ఉంది. అప్పటికి రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఎటు తిరిగితే అటు బిగించేసి ఇంటికెళ్ళిపోయా.”

“నీ తప్పేం లేదు, నీ తప్పేం లేదు అని పదకొండేళ్ళు నా చెవిలో జోరీగలా పాడావే! ఎందుకు లేదో ఒక్కసారి చెప్పి ఉంటే నేను నిద్రపోయేదాన్ని కదరా?”

అతన్ని ఎప్పుడూ ‘రా’ అనలేదు ఆవిడ.

“చెబితే బేకరీ గడప తొక్కనిచ్చేదానివా?”

నిజమే అనుకుంది అక్క, ఇచ్చేది కాదు. “ఇన్నేళ్ళూ ఆ హబ్బు మార్చకుండా ఎందుకు ఉంచావు?” అంది.

“మార్చేస్తే ఇక నాకు తప్ప ఎవరికీ తెలిసే దారి ఉండదు కదా. భయమేసింది.”

మర్నాడు మరిది బేకరీకి రాలేదు. బస్తాలు అక్కే దించుకుంది. ఆ మర్నాడూ రాలేదు. కోపం ఆమెకు అన్నం కూడా సయించనివ్వలేదు, కానీ పొయ్యి వెలిగించే వేళకు కళ్ళు షటరు కిందికే పోయేవి. నాలుగో బ్రెడ్డును కొట్టి, పక్కన ఎవరూ ఏమీ అనకపోవడం వింటూ నిలబడేది. శనివారం డాక్టరు వచ్చి, షెడ్డులో కారు సిద్ధంగా ఉందనీ, ఎడమవైపుకు ఎడమ హబ్బే వేసి ఉందనీ చెప్పాడు. మరిది కనబడలేదట.

ఆదివారం రన్‌వే దగ్గర కంచె పక్కన నిలబడి ఉన్నాడు, ఎవరూ పిలవని చుట్టంలా. అక్క రాగి సుత్తి తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది.

“నేను కొట్టను వదినా. డాక్టరు గారిని కొట్టమను.”

“యజమాని కొట్టకూడదు. నువ్వు కొట్టాలి.”

మూడు చక్రాలు మోగాయి. వెనక ఎడమదాని దగ్గర వంగి, సుత్తి ఎత్తి, అలాగే ఉండిపోయాడు. అక్క పసుపు కారు వైపు తిరిగి, “డాక్టరు గారూ, ఇంజను ఆపండి!” అని కేక వేసింది. డాక్టరు ఆపేశాడు. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే ఆపేశారు. రన్‌వే మీద గాలి తప్ప ఏమీ లేదు.

“ఎటు?” అన్నాడు మరిది.

“తోక వైపు.”

కొట్టాడు. ఖంగుమంది.

“మళ్ళీ కొట్టు,” అంది అక్క. మోగింది. “మళ్ళీ.” అతను ఏడుస్తూ కొట్టాడు, ఆమె కళ్ళు మూసుకుని వింది. నాలుగో మోత ఇలా ఉంటుందన్నమాట. అది మోగాల్సిన రోజు మాత్రం వెనక్కి రాదు.

ఆమె ఎక్కి కూర్చుంది. అద్దంలో ఆకాశం కనబడింది.

“ఎక్కు,” అంది మరిదితో.

“నేనా?”

“అద్దం మీ అన్న కళ్ళకు పెట్టి ఉంది. నేను దాన్ని కదపను. వెనకేం వస్తోందో నువ్వు చూసి చెప్పాలి.”

అతను ఎక్కి, సీట్లో వెనక్కి తిరిగి, చాలాసేపు చూశాడు.

“వెళ్ళు వదినా,” అన్నాడు చివరికి. వెనక ఎవరూ లేరని మాత్రం అనలేదు.