మేడం తుడవనివ్వని పేర్లు

మాకు వెబ్‌సైట్లు కట్టడం నేర్పిన మేడం మొన్న ఆళ్ళగడ్డలో పోయారు. ఆ కబురు నాకు వాట్సాప్ పోస్టరులో తెలిసింది. దాన్ని పెట్టింది ఒకప్పుడు ఆమెను పనిలోంచి తీసేసిన యజమాని. అందులో ఆమె ఫొటో కంటే అతని ఫొటో పెద్దది.

నంద్యాలలో అతనికొక కంప్యూటర్ శిక్షణ కేంద్రం ఉండేది. మేడం ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చి పాఠం చెప్పేవారు. ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటని మొదటిరోజే అడిగాను.

"లాగిన్ పేజీ, డేటా దాచేది, వెతికేది, ఇవి ప్రతి సైటుకూ కావల్ల. ప్రతిసారీ మొదట్నుంచి యాడ రాస్తాం? ముందే రాసిపెట్టిన ఆ కట్టే ఫ్రేమ్‌వర్క్. దీన్ని ఎవరెవరో రాసి, బాగుచేసి అందరికీ ఊరికే ఇడిచిపెట్టినారు. అదే ఓపెన్ సోర్స్. వాడుకోండి, మార్చుకోండి. రాసినోళ్ళ పేర్లు మాత్రం తుడపాకండి."

చదవకుండా కోడ్ అతికించేవాళ్ళంటే ఆమెకు చులకన. అది పనిచేయడం లేదంటే స్క్రీన్ వైపు కూడా తిరగకుండా, ఒక కనుబొమ పైకెత్తి అడిగేవారు. "నువ్వే చదవందాన్ని నన్నెందుకు చూడమంటావ్?"

ఆ కేంద్రం యజమాని, మేడం మాకు నేర్పుతున్న ఫ్రేమ్‌వర్క్‌నే తీసుకుని, అందులోని పేర్లన్నీ చెరిపి, తన పేరు పెట్టుకున్నాడు. సొంతంగా తయారుచేశానని కాలేజీలవాళ్ళను పిలిచి సభ చేశాడు. మేడంను మాట్లాడమన్నాడు. ఆమె అసలు కోడ్‌ను పక్కనే తెరిచి చూపించారు.

"ఈయప్ప రాసింది పైన పేరొక్కటే. దాంట్లోనూ అచ్చరం తప్పు."

మర్నాడు ఆమెకు పని లేదు. "ఆమెకు బతకడం తెల్దు" అని మాతో అన్నాడతను. అతను బతికిన తీరు చూశాక, తెలియకపోవడమే మేలనిపించింది.

తర్వాత ఆళ్ళగడ్డలోనే, శిల్పాలు చెక్కే తన అన్న రేకుల షెడ్డులో ఆమె పాఠాలు చెప్పారు. ఉలి చప్పుడు ఆగేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఫ్రేమ్‌వర్క్ పరిచయ పాఠాలను తెలుగులో రాసి పంపితే, దాన్ని నడిపేవాళ్ళు తమ సైటులో చేర్చుకున్నారు. సంతోషంతో ఫోన్ చేశాను. "తప్పులుంటే చెప్పు. ఊరికే మెచ్చుకోవాకు" అన్నారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆమె నేర్పిన పనిదే.

అంత్యక్రియల రోజు యజమాని పెద్ద దండతో వచ్చాడు. అది ఆమె ముఖమంతా కప్పేసింది. తలదగ్గర నిలబడి ఫొటోలు తీయించుకుంటూ, "మా సాఫ్ట్‌వేర్ అంతా ఈమె చలవే" అని అందరికీ చెప్పాడు.

మేడం అన్న లేచి వచ్చాడు. "పక్కకు జరుగప్పా. పిల్ల మొకం కనపడల్యా."

అతను జరిగాడు. అన్న వంగి, ఆ దండను మెల్లగా పాదాల దాకా లాగాడు. అప్పుడు కనిపించింది మేడం ముఖం. ఒక కనుబొమ కాస్త పైకి లేచే ఉంది.