గొంగళ్ళ కింద చామంతులు

మొన్న షాద్‌నగర్ దాటాక బస్సు చెడిపోయి ఆగితే, రోడ్డు పక్కనున్న ప్లాస్టిక్ పైకప్పున్న పూల షెడ్డులోకి ఊరికే వెళ్ళాను. ఎండ ఉండగానే కూలీలు చామంతి మళ్ళ మీద నల్లగుడ్డ లాగుతున్నారు. గుడ్డ కిందకి టార్చి వేసి చూడబోతే ఒకామె కసిరింది, "బత్తి వెయ్యకు సారూ, మొగ్గ కట్టది!" టార్చి ఆర్పేసి అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అరవైలలో మా వైపు చామంతి చలికాలంలోనే పూసేది, బతుకమ్మకు అందేది కాదు. అప్పుడు నేను పూల రైతుల సంఘంలో గుమాస్తాను. రోజూ సాయంత్రం పెందలాడే చీకటి చేసి పొద్దెక్కేదాకా ఉంచితే, చలికాలం వచ్చిందనుకొని మొక్క ముందే మొగ్గ వేస్తుందని పట్నం నుంచి వచ్చే పరిశోధన ఆఫీసరు చెప్పాడు. ఒక్క పందిట్లో పండుగనాటికి పూయించి చూపితే, రైతులందరికీ షెడ్లు ఇప్పించమని సర్కారుకు రాస్తానన్నాడు.

నల్లగుడ్డ కొనే స్తోమత సంఘానికి లేదు. గొర్లు కాసే మా మేనమామ తన ఇంటి గొంగళ్ళన్నీ తెచ్చి పందిరికి కప్పి, "పూలకు గూడ సలివెడ్తదా అల్లుడా?" అని నవ్వాడు. ఆ వానల్లో ఆయనా, ఆయన కొడుకులూ గోనెసంచులు కప్పుకొని మంద వెంట తిరిగారు.

సాయంత్రాలు కాపలా నాది. గొంగళ్ళు దించితే లోపల పగలే కటిక చీకటి; ఊరికి దూరం, మనిషి అలికిడి లేదు, తడి ఉన్ని వాసన తప్ప తోడు లేదు, పైగా అమ్మ చనిపోయిన ఏడాది అది. ఆపవలసింది ఎండను కదా అనుకొని, మళ్ళ నడుమ కందిలి దీపం వెలిగించి వేలాడదీసి దానితోనే మాట్లాడుతూ కూర్చునేవాణ్ణి. వెళ్ళేటప్పుడు దాన్ని గదికి పట్టుకుపోయేవాణ్ణి.

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస వచ్చింది. ఆకులు ఏపుగా ఉన్నాయి, మొగ్గ ఒక్కటీ లేదు. చీకటిలో దీపమంత వెలుతురు సోకినా మొక్క మోసపోదని, అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమని ఆఫీసరు అందరి ముందు అడిగాడు. నాకు అప్పుడే తెలిసింది. నోరు తెరిచేలోపే మామ ముందుకొచ్చాడు.

"నా గొంగళ్ళు పాతయి సారూ, ఏడనో సిల్లువడ్డట్టుంది."

"గొర్లకాడోన్ని పూలకాడికి తెస్తే గిట్లనే ఐతది," అన్నాడొక రైతు. అందరూ నవ్వారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

షెడ్ల సంగతి అక్కడితో ఆగింది. గొంగళ్ళు భుజాన వేసుకుని పోయిన మామ మళ్ళీ సంఘం గడప తొక్కలేదు. నేను భువనగిరిలో వేరే పనిలో చేరాను. చెబుదామని వెళ్ళిన ప్రతిసారీ వానల గురించీ, మేకల ధర గురించీ మాట్లాడి తిరిగొచ్చాను. ఇప్పుడాయన లేడు. ఆ రోజు నవ్వినవాళ్ళలోనూ ఎవరూ మిగల్లేదు.

ఇవాళ పూల రైతుల తరఫున మాట్లాడేవాళ్ళున్నారు, ఏ మొక్కకు ఎంత చీకటి కావాలో కూలి మనిషి కూడా చెబుతోంది, గొంగడి అరువడిగే అవసరం ఎవరికీ లేదు. కానీ ఆ గొంగళ్ళ సంగతి చెప్పగలిగేది, ఆ పందిట్లో కూర్చున్న నేనొక్కణ్ణే. కందిలి ఆర్పితే నా చెయ్యి నాకు కనిపించేది కాదు. మామ గొంగళ్ళకు చిల్లుల్లేవు.