తుప్పు బొక్క, రొట్టెల డబ్బా

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఇన్నేళ్ళూ ఆటపట్టించిన మనిషిని నేను. తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్ల నుంచి వికారాబాద్‌కు పికప్ బండిలో సరుకు తోలుతాను. దయ్యం కనబడితే బండలు దించడానికి పనికొస్తుందని అనేవాణ్ణి. ఇప్పుడు అనడం లేదు.

యూనిట్లో ఎప్పుడూ నీళ్ళూ బురదే. ఆ తడి చెప్పులతో ఎక్కీ దిగీ క్యాబిన్ అడుగు రేకు తుప్పు పట్టింది. పక్క సీటు ముందు పళ్ళెమంత బొక్క పడింది. వెల్డింగ్ చేయించకుండా దాని మీద ఒక బండ ముక్క పెట్టాను. తాండూరోళ్ళకు దేనికైనా మందు బండే.

మూడేళ్ళ కింద నా భార్య సువర్ణ, నేను బంట్వారంలో మా అత్తగారింటి నుంచి వస్తున్నాం. దారిలో తినమని మా అత్త అంబమ్మ జొన్నరొట్టెలు, పుంటికూర పచ్చడి స్టీలు డబ్బాలో కట్టిచ్చింది. డబ్బా మీద ఆమె పేరు చెక్కి ఉంది. సువర్ణ దాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఒక మలుపులో బండ జరిగింది, డబ్బా బొక్కలోంచి రోడ్డు మీద పడింది, వెనకొచ్చే లారీ దాన్ని అప్పడం చేసింది. రొట్టెలు మట్టిపాలు. చదునైన డబ్బాను ఏరుకొచ్చాం.

పది రోజులకే అత్త పోయింది. తల్లి చేతి ఆఖరి రొట్టెలు తిననియ్యలేదని సువర్ణ బండి మీద పగబట్టింది. మళ్ళీ ఎక్కలేదు. ఇంట్లో ఒకటే గొడవ. నేను రేకు మార్పిద్దామంటాను, తను తుక్కుకు అమ్మెయ్యమంటుంది.

మొన్న ఎండాకాలంలో బొక్క ఇంకా పెద్దదైంది. బాగుచేయడం దండగా కాదా తేల్చమని బండిని ఖాజా భాయ్ వెల్డింగ్ షెడ్డుకు తీసుకెళ్ళాను. నేనెక్కడ మెత్తబడతానోనని సువర్ణ ఆటోలో వెనకే వచ్చింది. అతను కుళ్ళిన రేకు కోస్తుంటే మేమిద్దరం ఎదురుగా హోటల్లో చాయ్ తాగి వచ్చాం. వచ్చేసరికి ఖాజా భాయ్ బండి పక్కన కూర్చుని రొట్టె తింటున్నాడు.

"రొట్టెలు మస్తున్నయ్ అన్నా. ఇంకా వేడిగనే ఉన్నయ్."

"యాడివి?"

"గా బొక్క పక్కన డబ్బా ఉండె. నాకే తెచ్చినవనుకున్న."

నేనేమీ తేలేదు. డబ్బా తిప్పి చూశాను. అంబమ్మ అని అవే వంకర అక్షరాలు. ఒక్క సొట్ట కూడా లేదు.

సువర్ణ మొహం ఎర్రబడింది. "మా అమ్మ చేతి రొట్టె నువ్వు తింటివా?" అని మీదికి పోయింది. ఆ అమ్మ చనిపోయి మూడేళ్ళని పాపం అతనికేం తెలుసు! "మాఫ్ చెయ్ అక్కా, రెండే తిన్న. ఒకటి అన్నకు ఉంచిన" అంటూ మిగిలిన రొట్టె ఆమె చేతిలో పెట్టాడు.

నిలబడే తిన్నది. "ఉప్పు తక్కువుంది" అని ఏడ్చింది. బీపీ వచ్చాక అత్త ఉప్పు తగ్గించిన మాట నిజం. రుజువు కోసం నాకూ ఒక తునక ఇమ్మన్నాను. ఇవ్వలేదు. కాబట్టి రుచి సంగతి నేను సాక్ష్యం చెప్పలేను.

ఇంటికొచ్చి చూస్తే చదునైన డబ్బా గూట్లో అలాగే ఉంది. బామ్మర్దికి ఫోన్ చేశాను. వాళ్ళమ్మకు పేరు చెక్కించిన డబ్బా ఒక్కటే అన్నాడు.

మరి బండి అమ్మేద్దామా అని అడిగితే సువర్ణ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. "కొత్త రేకు ఎయ్యుమను. గా బొక్క మాత్రం ఉంచుమను." బొక్క పెట్టమని అడిగిన గిరాకీ ఖాజా భాయ్‌కి మేమే మొదలట. అయినా చుట్టూ రేకు వేసి, మధ్యలో గుండ్రంగా, ముచ్చటగా వదిలాడు.

ఆ ఆదివారం బంట్వారం పోదామంది. డబ్బా నిండా భక్ష్యాలు. ఎవరికని అడిగాను.

"వచ్చిన డబ్బా ఖాళీగ ఎట్ల పంపుత?"

మూడేళ్ళకు బండెక్కి, డబ్బాను బొక్క పక్కనే పెట్టుకుంది. అదే మలుపులో అది జారిపోయింది. వెంటనే బ్రేకు వేసి దిగాను. బండి కింద లేదు, రోడ్డు మీద లేదు, పక్క పొదల్లో లేదు. మా వెనక ఏ బండీ రాలేదు. పట్టపగలు అరగంట వెతికాను. ఏమైందో నాకు నేటికీ అంతుపట్టలేదు.

సువర్ణ బండి దిగనే లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇగ పోదాం పా. అమ్మకు ముట్టింది తీ" అంది.