రేకుల మీద సున్నం

సుధారాణి జంషెడ్‌పూర్‌లోని ఒక కాలేజీలో ఇరవై రెండేళ్లుగా చరిత్ర చెబుతోంది. కరువుల చరిత్ర ఆమెకు కొట్టిన పిండి. ఆ వేసవిలో దానికి వాతావరణ మార్పును కూడా జోడించింది. పటాలు, అంకెలు అన్నీ చూపించి, పాఠం బాగా చెప్పాననుకుంది. వారం తిరిగేసరికి క్లాసులో సగంమంది రావడం మానేశారు.

వచ్చినవాళ్లలో హరికిరణ్ లేచాడు. "క్యా ఫాయదా, మేడం? అంతా కాలిపోద్దని మీరే చెప్తన్నారు. మరి ఈ అసైన్‌మెంటులెందుకు?"

"కాలిపోయేదాకా హాజరు డెబ్భై అయిదు శాతం ఉండాలి," అంది సుధారాణి. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. నిజానికి ఆ పటాలు చూసినప్పటి నుంచి ఆమెకూ భయంగానే ఉంది. పాఠం చెప్పాల్సిన మనిషి గనుక పైకి అనలేదు.

మర్నాడు పాఠం తిరగేసింది. కరువులో ఎంతమంది పోయారో వదిలేసి, మిగిలినవాళ్లు ఏం చేసి మిగిలారో చెప్పింది. తర్వాత పని అప్పజెప్పింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇంటికి మధ్యాహ్నం రెండింటికి వెళ్లి వేడి కొలవాలి. ఏదైనా చేసి తగ్గించాలి. మళ్లీ కొలవాలి.

హరికిరణ్ ఊళ్లోనే బర్మామైన్స్ బస్తీలో ఉండే ముసలయ్య ఇంటికి వెళ్లాడు. ఆయన రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైనవాడు. రేకుల ఇల్లు. గోడకు పెట్టిన థర్మామీటరు నలభై మూడు చూపించింది.

"జొరం ఇంటికేటి, నాకేటి?" అని అడిగాడు ముసలయ్య.

"ఇంటికే, తాతా."

వేడి తగ్గించమంది కదా మేడం అని, ఎండను తిప్పికొట్టేలా హరికిరణ్ రేకుల పైన సున్నం వేశాడు. మర్నాడు అదే వేళకు ముప్పై తొమ్మిది. "నాలుగేనా?" అని పెదవి విరిచి, ముసలయ్య మంచం మీద వాలి నిద్రపోయాడు. నెల రోజుల్లో పగటిపూట కన్ను మూతపడటం అదే మొదలు. లేపడం ఇష్టంలేక హరికిరణ్ గుమ్మం బయటే కూర్చున్నాడు.

సుధారాణి అతనికి ఇరవైకి పన్నెండు మార్కులు వేసింది. బయటి వేడి ఎంతో అతను రాయలేదు.

"నాలుగు డిగ్రీలతో దునియా మారిపోద్దా, మేడం?"

"మారదు. ముసలయ్య పక్కింటి జోగమ్మది కూడా రేకుల ఇల్లేనని రాశావు కదా?"

జోగమ్మ ఇంటికీ సున్నం పడింది. జూన్‌లో తొలి వాన అందులో సగం కడిగేసింది. జోగమ్మ నేరుగా కాలేజీకే వచ్చింది. "సున్నమంతా నా వడియాల మీద కారిపోనాది. మళ్లీ ఎప్పుడొత్తారు?"

వానకు ఆగే సున్నం ఎలా కలపాలో సుధారాణికి తెలియదు. పట్టాల పక్క రాళ్లకు ఏళ్ల తరబడి సున్నం వేసిన ముసలయ్యను క్లాసుకు పిలిచింది. ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు. ముప్పై అయిదు నిమిషాలు రైల్వే గురించి, అయిదు నిమిషాలు సున్నంలో కలిపే జిగురు గురించి. పిల్లలు రెండూ రాసుకున్నారు. శనివారం పదకొండు మంది బ్రష్షులు పట్టుకుని జోగమ్మ ఇంటికి వెళ్లారు. నిచ్చెన సుధారాణి పట్టుకుంది.