వేదికెక్కించిన పిల్లవాడు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలకు ప్రొబేషన్ అధికారిగా వేశారు. అప్పటికి ఆఫీసుకు బోర్డు వచ్చింది గాని బీరువా రాలేదు. నేను అద్దెకున్న యాప్రాల్ కాలనీలో చాలామంది నన్ను బ్యాంకు ఉద్యోగిననే అనుకున్నారు. ప్రొబేషన్ అనే మాట వాళ్లు బ్యాంకుల్లో తప్ప ఇంకెక్కడా విని ఉండలేదు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలమీద ఏదైనా కేసు వస్తే, వాళ్ల ఇల్లు, బడి, స్నేహాలు చూసి బాల న్యాయ మండలికి నివేదిక ఇవ్వడం మా పని. మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. అక్కడ బోను ఉండదు. పోలీసులు యూనిఫాంలో రాకూడదు. పిల్లవాణ్ణి నేరస్థుడని, నిందితుడని అనకూడదు, ‘చట్టంతో విభేదించిన బాలుడు’ అనాలి. మాటలు మార్చే పని మాత్రం మా శాఖలో అందరూ శ్రద్ధగా చేసేవారు.

ఆ ఏడాది బహదూర్‌పల్లి దాటాక ఒక కొత్త కాలనీ నుంచి ఒక కేసు వచ్చింది. పిల్లల పేర్లు బయటపెట్టకూడదు కనుక ఒకణ్ణి రమేశ్ అంటాను, ఇంకొకణ్ణి అరవింద్ అంటాను. రమేశ్ పదో తరగతి. తండ్రి సెంట్రింగ్ పనికి పోయి వారాల తరబడి సైట్ల మీదే ఉండేవాడు. తల్లి లేదు. కాలనీలో గిన్నెలు తోమే నాయనమ్మే పెంచింది. అరవింద్ ఇంటర్ మొదటి సంవత్సరం. తండ్రి ఇంజనీరు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారు, కాలనీ సంఘానికి అధ్యక్షులు. కాలనీకీ బస్తీకీ మధ్య ఉన్న ఖాళీ స్థలంలో ఇద్దరూ ఒకే జట్టులో క్రికెట్ ఆడేవారు.

ఒక ఆదివారం ఎవరో తాళంచెవి వదిలేసిన మోటారు సైకిలు తీసుకుని ఇద్దరూ శామీర్‌పేట చెరువు దాకా వెళ్లారు. కట్ట దగ్గర బండి జారింది, హెడ్‌లైటు పగిలింది, గస్తీ పోలీసులు పట్టుకున్నారు. మధ్యాహ్నం స్టేషన్‌లో ఇద్దరు పిల్లలున్నారు. సాయంత్రానికి ఒక్కడే మిగిలాడు.

ఇలాంటి చిన్న తప్పుకు ఎఫ్ఐఆర్ రాయకూడదు. స్టేషన్ డైరీలో నమోదు చేసి, పిల్లవాడి నేపథ్యం రాసి మండలికి పంపితే చాలు. ఆ పద్ధతి అక్షరాలా పాటించారు, రమేశ్ ఒక్కడి విషయంలో. కాగితంలో బండి తీసిందీ నడిపిందీ అతనే. ఆ స్టేషన్‌లో పిల్లల సంగతులు చూసే ఎస్సైని రెండో అబ్బాయి ఏమయ్యాడని అడిగాను.

“ఆ పోరనిది మంచి ఫ్యామిలీ మేడం. కౌన్సెలింగ్ ఇచ్చి పంపినం.”

“మరి ఇతనికి ఎందుకివ్వలేదు?”

“వీనికోసం ఎవ్వరు రాలే మేడం,” అన్నాడు, ఆ ప్రశ్నలో తిరకాసు ఏముందో అర్థం కానట్టు.

నా నివేదికలో ఇద్దరి గురించీ రాశాను. అది తెలిసి అరవింద్ తండ్రి ఆఫీసుకు వచ్చారు. మాది గుంటూరని ముందే కనుక్కుని వచ్చారు. “మనలో మనం ఇట్లా చేసుకుంటే ఎట్లాగండీ? మావాడు ఎంసెట్ రాయాలి. ఆ అబ్బాయికి పోయేదేముందండీ?” అన్నారు. ఆ చివరి వాక్యం ఆయన ఎంతో మర్యాదగా అన్నారు. నివేదిక మారదని చెప్పాను. కాఫీ తాగకుండానే లేచారు.

మండలి రమేశ్‌ను మందలించి ఇంటికి పంపింది. చట్టం ఇంకొక మాట కూడా చెబుతుంది. ఆ తప్పు పిల్లవాడి భవిష్యత్తుకు అడ్డు రాకూడదు, అప్పీలు గడువు తీరాక కేసు కాగితాలు నాశనం చేయాలి. రెండో అబ్బాయి సంగతి ఏమిటని మండలి పోలీసులను అడిగింది. వాళ్లు వాయిదా కోరారు.

ఇంతలో పైనుంచి ఆదేశం వచ్చింది. యువతలో నేర ప్రవృత్తిని నివారించడానికి అవగాహన సదస్సు జరపాలి. నివారణ అంటే ఫ్లెక్సీ, భోజనాలు, అతిథులకు శాలువాలు. కార్యక్రమంలో ‘మారిన బాలుడి అనుభవం’ అని ఒక అంశం ఉంది. మా పై అధికారి దానికి రమేశ్ కావాలన్నారు. పిల్లవాణ్ణి గుర్తుపట్టే వివరం ఏది బయటపెట్టినా చట్టప్రకారం జైలుశిక్ష దాకా ఉందని చెప్పాను.

“అంతా పాజిటివే కదమ్మా. ఫొటోలో మొహం కొంచెం మసక చేద్దాం,” అన్నారాయన.

“వేదిక మీద మొహం ఎలా మసక చేస్తారు సార్?”

ఆయన నవ్వారు. నన్ను తప్పించి, నేరుగా బస్తీకి జీపు పంపారు. సైకిలిస్తారని నాయనమ్మకు చెప్పి ఇద్దరినీ ఎక్కించుకొచ్చారు.

సదస్సు కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో జరిగింది. నేను వెళ్లేసరికే రమేశ్ వేదిక మీద ఉన్నాడు, శాఖ కొనిచ్చిన తెల్లచొక్కాలో, అతిథుల వరస చివర. తరగతులు మాన్పించి తెచ్చిన విద్యార్థులతో హాలు నిండింది. కాలనీలో కెమెరాలు పెట్టించి నేర నివారణకు తోడ్పడినందుకు అరవింద్ తండ్రికి శాలువా కప్పారు. ఒకే కేసుకు సంబంధించిన ఇద్దరిని ఒకే వేదిక మీదికి ఎక్కించామన్న సంగతి నిర్వాహకులకు తెలియదు. తెలుసుకోవాలంటే నా నివేదిక చదవాలి.

రమేశ్‌కు నాలుగు వాక్యాలు నేర్పించారు. మైకు చేతికొచ్చాక అతను అవి చెప్పలేదు.

“బండి తీసింది నిజమే సార్. ఇద్దరం తీసినం. నడిపింది నేను కాదు, నా దోస్తు. వాళ్ల నాయిన గీడనే కూసున్నరు. నేను మారిన అంటున్నరు. వాడు మారిండో లేదో ఎవ్వరు అడుగలే.”

గొంతు పెంచలేదు. బడిలో సందేహం అడిగినట్టే అడిగాడు. వెనక వరసల్లో విద్యార్థులు చప్పట్లు కొట్టారు. వ్యాఖ్యాత సమయాభావం అంటూ మైకు తీసుకున్నాడు. అరవింద్ తండ్రి శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని, ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు.

నాయనమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. “సైకిల్ ఇస్తరా బిడ్డా?” అని నన్ను అడిగింది.

“ఇవ్వరమ్మా.”

“గట్లయితే పోరన్ని దింపుండ్రి. ఇగ ఇంటికి పోతం.”

వచ్చేటప్పుడు జీపు, పోయేటప్పుడు ఆటో. నేను వాళ్లతో బస్తీ దాకా వెళ్లాను. దారిలో రమేశ్ ఒక్కటే అడిగాడు: “తప్పు మాట్లాడిన్నా మేడం?” లేదన్నాను.

మర్నాడు ఒక పత్రిక స్థానిక పేజీలో అతని ఫొటో వేసింది. మసక కూడా చేయలేదు. కింద ‘మారిన బాల నేరస్థుడు’ అని రాశారు. అది చూసి బడి హెడ్‌మాస్టరు టీసీ తీసుకుపొమ్మని నాయనమ్మకు కబురు పెట్టాడు. పదో తరగతి పరీక్షలు అప్పటికి దగ్గరపడ్డాయి.

పత్రిక తీసుకుని మండలికి వెళ్లాను. మేజిస్ట్రేటు హెడ్‌మాస్టరును పిలిపించి టీసీ ఇవ్వడానికి వీల్లేదని చెప్పారు. మా పై అధికారిని సంజాయిషీ అడిగారు. నలుగురికీ స్ఫూర్తి కోసం చేశామని ఆయన చెప్పారు. పత్రిక మీద చర్య తీసుకోమన్న ఆదేశం, అరవింద్‌ను మాత్రం ఇంటికి పంపించిన ఆ స్టేషన్‌కే చేరింది. నేను రిటైరయ్యేనాటికి కూడా దాని మీద ఏ కదలికా లేదు.

అరవింద్‌ను ప్రవేశపెట్టమని కూడా అదే రోజు ఆదేశించారు. తల్లి తీసుకొచ్చింది. “వాళ్ల నాన్నగారికి చెప్పకుండా వచ్చామండీ. ఆ అబ్బాయి ఒక్కడే స్టేజీ మీద నిలబడ్డాడని తెలిసినప్పట్నుంచీ వీడు సరిగా అన్నం తినటం లేదు,” అంది. బండి నడిపింది తానేనని అరవింద్ చెప్పాడు. మండలి అతన్నీ మందలించి పంపేసింది. పావుగంట కూడా పట్టలేదు. అతని తండ్రి అన్ని తలుపులు తట్టింది ఆ పావుగంట తప్పించడానికే.

రమేశ్ పది పాసై ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సులో చేరాడు. అరవింద్ ఇంజనీరింగ్‌లో చేరాడు. వాళ్లు మళ్లీ కలిసి ఆడలేదు. ఆ ఖాళీ స్థలానికి కాలనీ సంఘం గోడ కట్టించి గేటుకు తాళం వేసింది. ఆ గోడను కూడా మా శాఖ ఆ ఏడాది నివారణ చర్యల కింద చూపించింది. సదస్సు విజయవంతమైందని రాసింది. నన్ను ఆ సంక్రాంతి దాటగానే ఇంకో జిల్లాకు బదిలీ చేశారు.

ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. చిన్న తప్పు చేసిన పిల్లవాణ్ణి మందలించి ఇంటికి పంపడానికి, ఆ సంగతి అక్కడితో మరిచిపోవడానికి చట్టంలో అన్ని ఏర్పాట్లూ ఉన్నాయి. వాటికి హాలు అక్కర్లేదు, అతిథులు అక్కర్లేదు, ఫొటో అసలే అక్కర్లేదు. అందుకే మా శాఖకు అవి పనిలా కనిపించలేదు.